ఎండ కొలిచిన రోజు

కృష్ణ పొంగి కరకట్ట కింది ఇళ్లన్నీ మునిగిన ఏటికి మరుసటి వేసవి అది. బాపట్ల నుంచి ఘనమైన ప్రకటన వెలువడింది. ఊరంతా కలిసి పెట్టుకునే సోలార్ పథకాలకు ఇకమీదట ప్లానింగు దగ్గర్నుంచే ప్రభుత్వం చెయ్యిపట్టి నడిపిస్తుందట!

రేపల్లె దగ్గరి ఆ పేట పొంగిపోయింది. వరదప్పుడు కరెంటు పోయి, నీళ్లట్యాంకు మోటారు ఆగి, తాగడానికి చుక్క లేక పడ్డ అవస్థ ఎవరూ మరిచిపోలేదు. ట్యాంకు పక్క ఖాళీ జాగాలో సోలార్ పలకలు పెట్టించుకుంటే ఆ బాధ తీరుతుంది. కమిటీ వేసి ముత్తయ్యను ప్రెసిడెంటును చేశారు. ఆయన చదువు మూడో తరగతి, మాట అంతకన్నా తక్కువ. మీటింగుల్లో నోరెత్తని మనిషిని మించిన ప్రెసిడెంటు ఎక్కడ దొరుకుతాడు?

ఆ జాగాలో ఎండ ఏమాత్రం పడుతుందో కొలవడానికి ప్లానింగ్ సపోర్ట్ ఆఫీసరు జీవన్ కుమార్ గారు స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది. అంతటివారిని రోహిణీకార్తె ఎండలో నిలబెడితే పేట పరువేం కాను? ముత్తయ్య జన్మలో మొదటిసారి ఎవర్నీ అడక్కుండా ఒక నిర్ణయం తీసుకున్నాడు. తెనాలి వెళ్లి, సువార్త సభలకు వేసే షామియానా తెచ్చి జాగా మొత్తం కప్పించాడు.

ఆఫీసరుగారు వచ్చారు. దండ వేయించుకున్నారు. కొబ్బరినీళ్లు తాగారు. కుర్చీలోంచి లేవకుండానే ఎండ కొలిచే మిషను పైకెత్తి చూశారు.

"ఏంటయ్యా ప్రెసిడెంటూ, ఇక్కడ ఎండే లేదు!" అన్నారు చెమట తుడుచుకుంటూ.

ముత్తయ్య భార్య కాంతమ్మ ఆగలేకపోయింది. "పైన గుడ్డ కట్టాం గదండీ. రెండడుగులు ఇవతలికి రండి, మాడిపోతారు."

"సైటు ఎక్కడమ్మా?"

"మీరు కూర్చున్న చోటేనండి."

"మరి సైటు వదిలేసి పక్కన కొలవమంటావా? రూల్సు ఒప్పుకోవు."

"ఓ తాడు విప్పయ్యా!" అంది కాంతమ్మ మొగుడితో.

తాడు ముత్తయ్య చేతికి అందేంత దగ్గర్లోనే ఉంది. విప్పితే ఎండ సూటిగా ఆఫీసరుగారి నెత్తిన పడుతుంది. మర్యాద అడ్డొచ్చింది. విప్పబోయిన చేత్తోనే ముడి ఇంకాస్త బిగించాడు.

"ఈ సైటుకు ఎండ చాలదు. పథకం ప్రస్తుతానికి ఆపుతున్నాం" అని తేల్చారు ఆఫీసరుగారు. "అయినా మిమ్మల్ని వదిలేస్తామా? పై నెల డైరెక్టరుగారినే తీసుకొచ్చి మళ్లీ కొలుస్తాం!"

చప్పట్లు మోగాయి. అందరికన్నా గట్టిగా ముత్తయ్యే కొట్టాడు.

ఇంటికెళ్తూ కాంతమ్మ అడిగింది. "ఇంకో రెణ్ణెల్లు పోతే ఏరు మళ్లీ వస్తది. అప్పుడేం చేద్దాం? ఈ షామియానా పిండుకుని తాగుదామా?"



మర్నాడు పొద్దున్నే ముత్తయ్య షామియానా మడిపించి తెనాలి తీసుకెళ్లి అప్పజెప్పాడు. డైరెక్టరుగారొచ్చే రోజుకు ఇంతకన్నా పెద్దది, దళసరిది, ఎక్కడా చిల్లు లేనిది మాట్లాడి వచ్చాడు.