ఆమోదం లేని తూటా, చావని జింక

మానవజాతి ముందున్న మహా ప్రశ్నలు రెండే రెండు. చచ్చాక ఏమవుతాం అనేది మొదటిది. దాన్ని పాస్టర్లకు వదిలేశాం. రివాల్వర్‌తో దగ్గర నుంచి జింకను కొట్టడానికి ఏ తూటా మంచిది అనేది రెండోది. దాన్ని మాత్రం ఎవరికీ వదలకుండా మా స్టోనీ నాబ్ వేట క్లబ్బు స్వయంగా నెత్తికెత్తుకుంది. అప్పట్నుంచీ మొదటి ప్రశ్నే కాస్త సులువనిపిస్తోంది.

నేను ఆ క్లబ్బు వంటవాణ్ణి. పేరు హోబర్ట్. వేట కాలంలో కొండ మీది చెక్క బసలో అందరికీ చిక్కుడు గింజలూ మొక్కజొన్న రొట్టెలూ నేనే వండి పెడతాను. నిబంధనావళి ప్రకారం గరిటె పట్టినవాడికి ఓటు లేదు (గరిటె పట్టేవాడు రాకపోతే సభకు ఎవరూ రారు, అది వేరే సంగతి). కాబట్టి ఈ కథలో నేను వెలగబెట్టిన ఘనకార్యం ఏదీ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

గొడవ మా ఆర్విల్లా అత్తతో మొదలైంది. ఆమె మా మేనమామ ఎల్వుడ్ భార్య. ఆయన పోయి కొంతకాలమైంది. వెస్ట్ వర్జీనియాలోని ఈ కొండల్లో ఆడా మగా తేడా లేకుండా వేటాడతారు గానీ, ఆర్విల్లా అత్త గురికి మగాళ్ళు కూడా టోపీ తీసేవారు. పోయిన ఏడాది ఆమె కుడి భుజం కీలు మార్చారు. ఆ వేట కాలం మంచం మీదే గడిచింది. ఈ ఏడు రైఫిల్ ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. అది వెనక్కి తన్నితే కొత్త కీలు ఊడి చేతికొస్తుందని బెదిరించాడు. సరే, ఎల్వుడ్ మామ రివాల్వర్ ఉందిగా, అది భుజాన్ని గుద్దదుగా, దాంతోనే పోతానంది అత్త.

పోవాల్సిన అవసరం కూడా ఉంది. పాడుబడ్డ ఆపిల్ తోటలో ఆమె మాటు, అంటే పొంచి కూర్చోవడానికి క్లబ్బు ఇచ్చిన చోటు. రాలిన కాయల కోసం జింకలు అక్కడికి మన కాఫీ వాసన తగిలేంత దగ్గరికి వస్తాయి. క్లబ్బులో అంతకంటే మంచి చోటు లేదు. అయితే క్లబ్బుకొక నిబంధన ఉంది. వరసగా రెండు వేట కాలాలు జింక పడకపోతే, ఆ మాటు ఇంకొకరికి పోతుంది. ఆ ఇంకొకరు ఎవరో కూడా అందరికీ తెలుసు. అధ్యక్షుడు వెండెల్ గారి అల్లుడు డస్టిన్. పాపం ఆ అబ్బాయి ఇప్పటికే తోటలోకి వెళ్ళి మాటులోని దుంగ మీద కూర్చుని సరిపోతుందో లేదో చూసుకొచ్చాడు.

"మాటు పోతే పోయిందిలే అత్తా, మా పొలం గట్టున కూర్చుందువుగాని," అన్నాను ఒకసారి.

"నీ మొహం. ఆ దుంగ మీద మీ మామ కూర్చున్న చోటు ఇంకా నున్నగా ఉందిరా. అక్కడ కూర్చుంటే ఆయన పక్కనున్నట్టే ఉంటుంది. మీ గట్టు మీద ఎవరుంటారు, నీ మేకలా?"



రాష్ట్ర ప్రభుత్వం ఆమెకు రివాల్వర్‌తో వేటకు లైసెన్సు ఇచ్చేసింది. కానీ ప్రభుత్వం అనేది దూరంగా ఉండే వ్యవస్థ, క్లబ్బు దగ్గరగా ఉండేది. వెండెల్ వెంటనే 'దగ్గరి దూరపు తూటాల ఎంపిక సంఘం' ఏర్పాటు చేశాడు. ఆయన ఎల్వుడ్ మామకు చిన్నాన్న కొడుకు, కాబట్టి మర్యాదగానే చెప్పాడు.

"నీ మంచికే వదినా. చేతికందిన తూటా వాడితే జింక గాయంతో పారిపోతుంది. మూగజీవం పొదల్లో పడి నరకం చూస్తుంది. క్లబ్బు పరువు ఏం కాను?"

"జింక సంగతి నిజమే. మరి ఎన్నాళ్ళు పడుతుందేం?"

"ఎన్నాళ్ళేంటి వదినా! చిటికెలో పని."

ఆ చిటికె సెప్టెంబరులో మొదలైంది.

సంఘంలో ముగ్గురు సభ్యులు. ఒకరు వెండెల్. రెండోవాడు తుపాకుల కొట్టు డెల్మర్. మూడోవాడు బడి బస్సు నడిపి రిటైరైన రాయిస్, రోజంతా ఫోనులో తూటాల వీడియోలు చూస్తాడు. ముగ్గురిలో ఎవరూ జన్మలో రివాల్వర్‌తో జింకను కొట్టలేదు (పక్షపాతం లేని తీర్పుకు అదే అసలైన అర్హత అని వెండెల్ వివరించాడు). సమావేశాలు డెల్మర్ కొట్లో కౌంటరు దగ్గర జరిగేవి, అక్కడ కాఫీ ఉచితం కనుక.

మొదటి నెలంతా 'దగ్గర' అంటే ఏమిటో తేల్చడానికి పోయింది. జింక కనురెప్పలు కనబడితే దగ్గర అన్నాడు వెండెల్. కళ్ళజోడు లేకుండానా, ఉండా అని అడిగాడు రాయిస్. దాని మీద ఉపసంఘం వేశారు. చివరికి 'దూరం కానిదంతా దగ్గర' అని తీర్మానించి, చప్పట్లు కొట్టుకుని, ఇళ్ళకు పోయారు.

రెండో నెల తూటా దగ్గరికి వచ్చారు. ఇక్కడ సంఘం నిలువునా చీలింది. డెల్మర్‌ది గుంట మొన పక్షం.

"మొనలో గుంట ఉండాలి. తేలిగ్గా ఉండాలి, జోరుగా పోవాలి. లోపలికెళ్ళి పువ్వులా విచ్చుకోవాలి. అంతే, జింక అక్కడే కూలబడుతుంది."

"విచ్చుకుంటుంది, చర్మం కిందే విచ్చుకుని ఊరుకుంటుంది," అన్నాడు రాయిస్. "బరువైన గట్టి సీసం తూటా ఉండాలి. ఇటు దూరి అటు రావాలి!"

"అటొచ్చి ఎవరి ఆవుకి తగలాలి? నీ ఆవుకా?"

"నాకు ఆవు లేదు."

"అందుకే అంత ధైర్యం!"

ఇద్దరి దగ్గరా పారిపోయిన జింకల కథలున్నాయి. అవన్నీ వాళ్ళ బావమరుదులు కొట్టినవి. పారిపోయిన ప్రతి జింక విషయంలోనూ తప్పు తూటాదే తప్ప, చెయ్యి వణికిందన్న బావమరిది ఒక్కడూ లేడు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మా కొండల్లో చెల్లదు. ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు, కావాలంటే వీడియో చూపిస్తారు.

శాస్త్రీయ పరీక్షలూ జరిగాయి. పాత క్యాటలాగులు తడిపి, కట్ట కట్టి, వాటి మీద కాల్చారు. దాంతో తడిసిన క్యాటలాగులను దగ్గర నుంచి వేటాడటంలో మా క్లబ్బును మించినది ఈ రాష్ట్రంలో లేదు. కండ మీద ఫలితం కూడా చూడాలని రాయిస్ తన భార్య పండక్కని దాచిన పంది తొడను తెచ్చాడు. తూటా బాగానే పనిచేసింది. భార్య ఇప్పటికీ అతనితో మాట్లాడటం లేదు.

ఇక డస్టిన్ ఊరుకుంటాడా? కుర్రాడు కంప్యూటర్ చదివాడు. క్లబ్బు కోసం ఒక యాప్ తయారుచేశాడు. జింక కనబడగానే ఫోను తీసి వివరాలు నింపితే, ఏ తూటా వాడాలో అదే చెబుతుంది. జింక బరువు, వయసు, ఎటు తిరిగి ఉంది, స్వభావం శాంతమా, పిరికా, మొండా అన్నవి తప్పనిసరి గడులు. వివరాలు పూర్తయ్యేవరకు జింకను కదలనివ్వరాదని అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆపిల్ తోటలో సిగ్నల్ రాదు. సిగ్నల్ కోసం కొండెక్కాలి, కొండెక్కితే జింక కనబడదు. ఈ చిన్న లోపాన్ని తర్వాతి కూర్పులో సవరిస్తామని డస్టిన్ హామీ ఇచ్చాడు.

"అత్తా, నువ్వు కూడా వచ్చి మాట్లాడకూడదూ?" అన్నాను.

"ఒకసారి వెళ్ళానుగా. నేను నోరు తెరిస్తే డెల్మర్‌గాడు నాకు తుపాకీకి ముందేదో వెనకేదో చెప్పడం మొదలెట్టాడు. వాడికి నేర్పింది మీ మామే! వినీ వినీ కాఫీ తాగేసి వచ్చా."

అప్పటికే ఆమె పని ఆమె చేసుకుంటోంది. మామ బీరువాలో నాలుగైదు రకాల తూటాల పెట్టెలున్నాయి. సాయంత్రాలు పెరట్లో పాత పళ్ళెం ఒకటి కంచెకు కట్టి, మాటు నుంచి ఆపిల్ చెట్టు ఎంత దూరమో అంతే దూరంలో నిలబడి, ఒక్కో రకం కాల్చి చూసుకునేది. ఏది ఎక్కువ తన్నుతోంది, ఏది చేతిలో నిలుస్తోంది, ఏది ప్రతిసారీ పళ్ళెం మధ్యలో తగులుతోంది అన్నదే ఆమె చూసుకుంది. ఇంత మొరటు పద్ధతి సంఘం దృష్టికి రాలేదు.

నవంబరు చివర్లో థాంక్స్‌గివింగ్ పండగ వారం వచ్చింది. సోమవారం వేట మొదలు. ఆ పొద్దున సంఘం బసలోనే అత్యవసరంగా సమావేశమైంది. అందరూ దూరం నుంచి మనిషని తెలిసేలా వేటకు వేసుకునే నారింజ కోట్లు తొడుక్కుని, తుపాకులు గోడకు ఆనించి, 'తూటా' అనాలా, 'తూటాలు' అనాలా అని చర్చిస్తున్నారు. నేను గుడ్లు వేయిస్తున్నాను. తోట వైపు నుంచి ఒక్క చప్పుడు వినిపించింది. ఒక్కటే.

"ఏంటది?" అన్నాడు రాయిస్.

"కొమ్మ విరిగుంటుంది. అంశానికి రండి," అన్నాడు వెండెల్.

కాసేపటికి అత్త తలుపు తోసుకుని వచ్చింది. "ఒరేయ్ హోబర్ట్, ఆ గరిటె అక్కడ పడేసి రా. లాగడానికి నా భుజం ఒప్పుకోదు."

వెళ్ళి చూస్తే మంచి కొమ్ముల జింక. నిలబడ్డ చోటి నుంచి పది బారలు కూడా పోలేదు. తూటా సరిగ్గా ముందుకాలి వెనక, గుండెలో తగిలింది. బాధ తెలిసే లోపే ప్రాణం పోయుంటుంది. అత్త దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మెడ నిమిరి, దండం పెట్టుకుంది. మామ కూడా అలాగే చేసేవాడు. నాకు కళ్ళు చెమర్చాయి, చలిగాలి అని సర్దుకున్నాను.

జింకను తెచ్చి బస ముందు వాసానికి వేలాడదీశాం. సంఘం బయటికి వచ్చి దాని చుట్టూ తిరిగింది. ముగ్గురూ నోళ్ళు తెరిచారు గానీ, బాగుందన్న మాట ఒక్కడి నోట్లోంచీ రాలేదు.

"వదినా," అన్నాడు వెండెల్ ఎంతో బాధగా, "సంఘం ఇంకా ఏ తూటానూ ఆమోదించలేదు కదా."

"అయితే?"

"ఆమోదం లేని తూటా జింకను చంపుతుందని క్లబ్బు ఒప్పుకుంటే, ఇక సంఘం ఎందుకు చెప్పు?"

"సంఘం ఎందుకని నేనూ సెప్టెంబరు నుంచి అడుగుతున్నా."

"జింక చచ్చింది కదా మామా!" అన్నాను ఉండబట్టలేక.

"వంటవాడికి ఓటు లేదు," అన్నాడు డెల్మర్.

ప్రభుత్వం దృష్టిలో జింక చచ్చింది. అత్త దాని చెవికి చీటీ కట్టేసింది, ప్రభుత్వానికి చెప్పేసింది కూడా. క్లబ్బు దృష్టిలో చావలేదు. ఏ తూటా వాడావని ఆమెను ఒక్కరూ అడగలేదు. లేని తూటా పేరు అడగడం నిబంధనలకు విరుద్ధం. ఆ విధంగా తర్కం దాని దారిన అది నడిచింది. ఆర్విల్లా కాల్చిన మాట నిజం, చప్పుడు అందరూ విన్నారు (కొమ్మ విరిగిందన్న వాదనను ఇక్కడ ఉపసంహరించుకున్నారు). కాల్చాక జింక పడలేదు. కాబట్టి గురి తప్పింది.

గురి తప్పినవాళ్ళకు మా వేట బసల్లో ఒక ఆనవాయితీ ఉంది. చొక్కా వెనక అంచు కత్తిరించి, పేరు రాసి, గోడకు మేకు కొడతారు. నవ్వులాటకు చేసేదే, అందరి చొక్కాలూ ఎప్పుడో ఒకప్పుడు తెగినవే. ఆ గోడ మీద లేనిది ఎల్వుడ్ మామ చొక్కా ఒక్కటే.

అత్త కోటు విప్పింది. లోపల ఎర్రగళ్ళ ఉన్ని చొక్కా. అది మామది. మోచేతుల దగ్గర ఆమే వేసిన అతుకులు. రాయిస్ కత్తెర పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు.

"ఆగావేం? కత్తిరించు," అంది అత్త. "వంకర పోకుండా చూడు. మంచి బట్ట."

నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా నాకు ఓటు లేదు కదా. మధ్యాహ్నం ఆ జింక వీపు కండే ఉల్లిపాయలతో వేయించి పెట్టాను. నేను చేసిన తిరుగుబాటల్లా అందులో ఉప్పు తగ్గించడం. ఎవరూ గమనించలేదు. చావని జింక మాంసం వెన్నలా ఉందని సంఘం ఏకగ్రీవంగా మెచ్చుకుని, రెండోసారి వడ్డించుకుంది.

తోట మాటు డస్టిన్‌కు వెళ్ళింది. అత్త సొమ్ము అల్లుడికి దానం చేయడంలో మా వెండెల్ చెయ్యి ఎప్పుడూ పెద్దదే.

మరుసటి వేట కాలానికి సంఘం ఎట్టకేలకు ఒక తూటాను ఆమోదించింది. యాప్ సూచించింది, వెండెల్ బలపరిచాడు, డెల్మర్ అమ్మాడు. అత్త ఆ ఏడు వేటకు రాలేదు. డస్టిన్ దుంగ మీద కూర్చుని మొదటి రోజే పెద్ద జింక మీద కాల్చాడు. జింక తలెత్తి చూసి, నోట్లో ఆపిల్ నమిలి మింగి, తోక పైకెత్తుకుని వెళ్ళిపోయింది. సంఘం సమావేశమైంది. ఆమోదం పొందిన తూటా విఫలం కావడం సాధ్యం కాదు గనుక, సదరు జింక చనిపోయినట్టుగా పరిగణించి, డస్టిన్‌ను అభినందిస్తూ తీర్మానం చేశారు. అతని చొక్కా భద్రం.

పండగ ముందురోజు నేను అత్త ఇంట్లో కట్టెలు కొడుతుంటే డస్టిన్ వచ్చాడు. చేతిలో భార్య చేసి పంపిన తీపి రొట్టె. గుమ్మంలోనే కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డాడు.

"అత్తగారూ, మీ దగ్గర దాచేదేముంది. ఇంట్లో ఫ్రీజరు ఖాళీగా ఉంది, పిల్లలు మాంసం మాంసం అంటున్నారు. మామగారితో అనకండి గానీ... పోయినేడు మీరు వాడింది ఏ తూటా?"

అత్త రొట్టె అందుకుని బల్ల మీద పెట్టింది. అంచు తెగిన ఎర్రగళ్ళ చొక్కా మీద చేతులు తుడుచుకుంది.

"నేను గురి తప్పిన మనిషిని నాయనా, నన్నడిగితే ఏం లాభం? నీకు మొన్న పడింది కదా పెద్ద జింక. పిల్లలకి అదే వండి పెట్టు."