క్యాన్సర్ లేని వార్డు

ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకల్లా తన వార్డులో క్యాన్సర్ అనేది ఉండదని కార్పొరేటర్ యుగంధర్, హిందీ రాష్ట్రంలో తెలుగువాళ్ళు స్థిరపడ్డ సుపేలాలో మైకు పట్టుకుని ప్రకటించేశాడు. దేశంలో ఇంతమంది డాక్టర్లుండి ఒక్కరికీ టైము ఫిక్స్ చేయాలని తోచలేదు. పక్కనే నిలబడ్డ కార్యకర్త నూకరాజుకి ఒళ్ళు పులకరించింది. పన్నెండేళ్ళుగా ఈ మహానుభావుడి వెనక తిరిగినందుకు జన్మ ధన్యమైందనుకున్నాడు.

ఏర్పాట్లూ అలాగే ఉన్నాయి. ఉదయం నోటి క్యాన్సర్ పరీక్షల వ్యాను, సాయంత్రం మంత్రిగారు, ఆయన చేతుల మీదుగా షీల్డు. షీల్డు మీద 'కేసులు: సున్నా' అని ముందే చెక్కించేశారు. రిజిస్టరు రాసే బాధ్యత నూకరాజుది.

ఆదివారం రెండు వందల పన్నెండు నోళ్ళు చూసి వ్యానులో వచ్చిన డాక్టర్ సుచిత్ర ఏమీ లేదంది. ఆ తర్వాతి నోరు నూకరాజు తల్లి గున్నమ్మది. శ్రీకాకుళంలో చిన్నప్పుడే నేర్చిన అడ్డపొగ ఆమెది. చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని పీలుస్తుంది.

"అంగిట్లో తెల్లమచ్చ, పక్కనే చిన్న గడ్డ. ఇవాళే ముక్క తీసి టెస్టుకి పంపాలి. ఇప్పుడైతే బాగుచేయొచ్చు. ఏడాది ఆగితే ఎవరి చేతుల్లోనూ ఉండదు," అంది డాక్టర్.

నూకరాజుకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. యుగంధర్‌కీ ఆడలేదు, కారణం వేరు.

"ఏటి నూకరాజూ, ఇంటిమనిషివై ఉండి నాకీ ద్రోహమేటి?"

"అమ్మ, భయ్యా..."

"అమ్మే! కాదన్నానా? టెన్షన్ మత్ లో. అడ్రసు రిసాలి అని రాసీ. అది వేరే మునిసిపాలిటీ, మన లెక్కలోకి రాదు."

ఎంత ముందుచూపు! నూకరాజు అలాగే రాశాడు.

"ఒరే నూకా, నలభై ఏళ్ళుగా ఈ సుపేలాలోనే ఉన్నదాన్ని, నానెప్పుడెల్లానురా రిసాలి?" అంది గున్నమ్మ.

"ఇప్పుడే అమ్మా."

డాక్టర్ రిజిస్టరు చూసి మొహం చిట్లించింది. "ఈ వ్యాను ఈ వార్డుకే శాంక్షన్, రిసాలి వాళ్ళకి ఇక్కడ ముక్క తీయలేను. రిసాలి క్యాంపు మళ్ళీ వచ్చే ఏడాదే."

నూకరాజు మళ్ళీ పెన్ను తీశాడు. కొట్టేసి మళ్ళీ రాద్దామంటే యుగంధర్ కళ్ళు రిజిస్టరు మీదే ఉన్నాయి.

ఈలోగా మంత్రిగారు వచ్చారు. ఫోటో కోసం కార్పొరేటరుగారి నోరు పరీక్షించాలన్నారు. నోరు తెరవడంలో యుగంధర్‌కి జిల్లాలో పోటీ లేదు కాబట్టి అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇంకా తెరవండి," అంది డాక్టర్.

"ఇంతే వత్తాది."

"మూడు వేళ్ళు పట్టాలి, ఒకటే పడుతోంది. గుట్కా ఎన్నాళ్ళ నుంచి?"

"సోషల్‌గానే మేడమ్."

"బుగ్గల లోపల బిగిసిపోయింది, పుండు కూడా ఉంది. మీకూ ఇవాళే ముక్క తీయాలి. రిజిస్టర్లో రాయండి."

మంత్రిగారు షీల్డు మీది సున్నా వైపు చూశారు. సభంతా నూకరాజు వైపు చూసింది. పన్నెండేళ్ళ విధేయత ఊరికే పోతుందా? ఎవరూ చెప్పకుండానే రాసేశాడు: యుగంధర్, రిసాలి. మంత్రిగారు భుజం తట్టి మెచ్చుకున్నారు.

"ఏటిరా రాసేశావు!" అన్నాడు యుగంధర్.

"సున్నా, భయ్యా. మీ క్యాంపు వచ్చే ఏడాది."

యుగంధర్ మైకు లాక్కున్నాడు. రిసాలి ప్రజలు కూడా మన అన్నదమ్ములేననీ, మానవతా దృక్పథంతో ఈ క్షణం నుంచే వాళ్ళకి ఈ వ్యానులో పరీక్షలనీ ప్రకటించాడు. మంత్రిగారు నిలబడే అనుమతి కాగితం మీద సంతకం పెట్టారు. షీల్డుని యుగంధర్ ఖాళీ చేసిపోయిన కుర్చీలో పెట్టి ఫోటో తీశారు.

క్యూలో గున్నమ్మే ముందు. డాక్టర్ సూది సిద్ధం చేస్తుంటే, చెమటలు కక్కుతూ వచ్చిన యుగంధర్‌కి బెంచీ మీద జరిగి చోటిచ్చింది.

"బయపడకు బాబూ, నానున్నాను కదా," అంది. "అవునుగానీ, రిసాలిలో మనది ఏ ఈది?"