మొద్దు బ్లేడు చేసిన మేలు

హెయిర్ కటింగ్ మిషన్‌లో మొద్దుబారిన బ్లేడును మించిన ఉపకారి ఈ లోకంలో లేదు! నవ్వకండి. బొగ్గుగనుల ఇల్లందు పక్క తండాకు చెందిన వీరన్న ఇవాళ పదిమందిలో ఒకడిలా బతుకుతున్నాడంటే అది అలాంటి బ్లేడు చలవే.

పదునైన బ్లేడు ఏం చేస్తుంది? ఐదు నిమిషాల్లో క్రాఫ్ చేసి మనిషిని రోడ్డు మీదికి తోసేస్తుంది. మొద్దు బ్లేడు అలా కాదు. గంటసేపు కూర్చోబెట్టి ఓపిక నేర్పుతుంది. వెంట్రుకలు కుదుళ్లతో సహా లేస్తుంటే కళ్లలోని బొగ్గుదుమ్మంతా కన్నీళ్లతో కొట్టుకుపోతుంది. ఇక కంటి దవాఖానా దేనికి? దేవుడు గుర్తుకొస్తాడు, ఎప్పుడో పోయిన తాత కూడా గుర్తుకొస్తాడు.

రెండు వేల ఐదు, మే నెల. డిగ్రీ పాసై నాలుగేళ్లుగా ఖాళీగా ఉన్న వీరన్నకు ఓ సర్కారీ ఆఫీసులో అసిస్టెంట్ ఉద్యోగానికి మర్నాడే ఇంటర్వ్యూ. ఇదీ తప్పితే మట్టిపనికి పోవడమే. భార్య సోని, "మిషన్ కటింగ్ చేయించుకో, సార్లు ముందుగాల మొఖమే చూస్తరు" అని పంపింది. వీరన్న జంపయ్య సెలూన్లో కూర్చున్నాడు.

కుడిపక్క ఎలాగో నున్నగా వచ్చింది. ఎడమపక్క మొదలెట్టగానే మిషన్ గుర్రుమని జుట్టు పట్టుకుని వదల్లేదు.

"అబ్బా! ఏందన్నా, గిట్ల పీకుతున్నది?"

"నా తప్పు కాదు తమ్మీ. నిన్న ఆఫీసర్ బంగ్లాకు తీస్కపోయిండ్రు. ఎండకాలం గద, ఆయన కుక్క జిమ్మీకి బొచ్చు తీసిన. దాని ఒళ్లంత పల్లేరు కాయలే! బ్లేడు పాడైంది."

చూశారా! ఆఫీసర్ గారి కుక్కకూ, చదువుకున్న నిరుద్యోగికీ ఒకే బ్లేడు! ఇంతకన్నా సమానత్వం ఎక్కడుంది? ముందు కుక్క, తర్వాత మనిషి అన్నది చిన్న విషయం.

జంపయ్య బ్లేడు ఊడదీసుకుని వీధిలో కత్తులకు సాన పట్టే అతని దగ్గరికి పరుగెత్తాడు. అసలు ఆ బ్లేడు రెండు పలకలు. ఒకదాని మీద ఒకటి జరుగుతూ కోస్తాయి. పదును పెట్టాల్సింది అవి రాసుకునే ముఖానికి. అది తెలిసినవాడు ఖమ్మంలో తప్ప లేడు. ఈయనేమో శ్రద్ధగా ఒక్కో పన్నునూ సూదిలా చెక్కి ఇచ్చాడు. ఇక అది జుట్టును బ్రహ్మాండంగా దువ్వింది, కోయడం మాత్రం మానేసింది. ఇల్లందు చరిత్రలో మొదటి కరెంటు దువ్వెన!

"గుండు కొట్టాల్నా?" అన్నాడు జంపయ్య.

"మా నాయన బతికే ఉన్నడు! తండాల ఏమనుకుంటరు?"

చివరికి జంపయ్య కత్తెర తీశాడు. మిషన్ కొన్నాక ఆ చెయ్యి కత్తెర పని మరిచిపోయింది. ఎడమపక్క ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలా మెట్లు మెట్లుగా దిగింది. వీరన్న అద్దంలో చూసుకుని నిజంగానే ఏడ్చాడు.

మర్నాడు ఇంటర్వ్యూలో నడిమి కుర్చీలో కూర్చున్నది ఎవరు? ఇల్లందంతా ఎరిగిన జిమ్మీ యజమానే!

"ఆ తలేంటయ్యా?"

వీరన్న ఎటూ పోయిన ఉద్యోగమే కదా అని నిజం చెప్పేశాడు. "మీ కుక్కకు చేసిన బ్లేడే సార్. మొద్దుబారింది."

ఆఫీసర్ కుర్చీలోంచి లేచాడు. "మొద్దు బ్లేడా! అయ్యో, మా జిమ్మీకి ఎంత నొప్పి పుట్టిందో! అందుకే పాలు ముట్టలేదు. దానికి పదును ఎక్కడ పెడతారో తెలుసా?"

"ఖమ్మంల సార్." వీరన్న రెండు పలకల సంగతి, జంపయ్య చెప్పగా విన్నదంతా, ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పాడు. డిగ్రీలో ఏం చదివావని ఎవరూ అడగలేదు.

ఉద్యోగం వచ్చింది! వరండాలో ఫైళ్లు పట్టుకుని కూర్చున్న డిగ్రీలూ పీజీలూ ఇంటిదారి పట్టాయి. సోని తండా అంతా చక్కెర పంచింది.

ఆఫీసర్ జిమ్మీ కోసం సొంత మిషన్ కొన్నాడు. గురువారం గురువారం వీరన్న బ్లేడ్లను నూనెగుడ్డలో చుట్టుకుని, "ఆఫీసు పని మీద" అని రిజిస్టర్లో రాసి, ఖమ్మం బస్సెక్కుతాడు. సాయంత్రం తిరిగొచ్చి, కుక్కకు పెట్టేముందు పదును తన చేతి వెంట్రుకల మీద చూసుకుంటాడు. ఏం పని చేస్తున్నవని అడిగితే "సర్కారీ కొలువు" అంటాడు. అంతకు మించి చెప్పడు.

కాబట్టి పాఠకులారా, మొద్దు బ్లేడును తిట్టకండి. ఈ జిల్లాలో బ్లేడ్లన్నీ పదునుగా ఉండిపోతే, డిగ్రీ చదివిన వీరన్నతో సర్కారుకు ఏం పని?