నాన్న సాగదీసిన బూట్లు

ఆ పొద్దున దర్జీ అనుకున్నది మహా సులువైన పని. నాలుగు మెతుకులు తిని, బస్సెక్కి, కూతుర్ని సైనిక అకాడమీ గేటు దగ్గర దింపి, కళ్ళు తుడుచుకుంటూ చీకటి పడేలోగా ఇల్లు చేరడం. మధ్యాహ్నం దాటితే గేటు మూసేస్తారు, సీటు పోతుంది.

పైగా అకాడమీకని కొన్న ఆ బూట్లొకటి. "ఇవి లేకుండా వెళ్తే గేటు దగ్గర్నుంచే తిప్పి పంపేస్తారు" అని బెదిరించి మరీ అమ్మాడు షాపువాడు. నాలుగడుగులు వేసేసరికే పిల్ల మడమలు ఎర్రబడ్డాయి. ఇక పరుగులు పెట్టిస్తే? దర్జీకి తెలిసిన లోకమంతా గుడ్డే. కొత్త గుడ్డని తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కదా కత్తెర పట్టేది! తోలుకి మాత్రం వేరే న్యాయమా? ఇంట్లోవాళ్ళు లేవకముందే బూట్లని బకెట్లో నానేశాడు. తన పాదం కూతురి పాదంకంటే పిసరంత పెద్దది కాబట్టి, సాగుతాయని తడితడిగానే తన కాళ్ళకి తొడుక్కున్నాడు. తొందరగా ఆరాలని ఇస్త్రీపెట్టె వేడిచేసి చుట్టూ ఆనించాడు.

తడితోలు వేడికి సాగదు, బిగుస్తుంది. ఆ సంగతి ఆయనకి కాళ్ళే చెప్పాయి.

"ఏమే, ఒకసారిలా రా."

భార్య వచ్చి చూసింది. "పిల్ల బూట్లు మీ కాళ్ళకున్నాయేంటండీ?"

"రావట్లేదే."

"రాకపోవడమేంటి? లాగండి!"

ఆవిడ లాగింది. కూతురు తల్లి నడుము పట్టుకుని లాగింది. కుర్చీ వచ్చింది, దర్జీ వచ్చాడు, బూట్లు రాలేదు. నూనె పోశారు, సబ్బు రుద్దారు. నిగనిగలాడాయి గానీ కదల్లేదు. భార్య కత్తెర తెచ్చింది.

"కోస్తే పిల్ల ఏం వేసుకుంటుందే! సీటు పోతుంది!" అంటూ దర్జీ కాళ్ళు మంచం కిందికి దాచుకున్నాడు.

ఆవిడకి అక్కడే అనుమానం పుట్టింది. "నిజం చెప్పండి. పిల్లని పంపడం ఇష్టం లేకే కదూ ఈ నాటకం?"

పంపాలంటే దర్జీకి గుండె పీకుతున్న మాట నిజమే. కానీ అంత నాటకమాడే తెలివే ఉంటే ఇస్త్రీపెట్టె జోలికి వెళ్తాడా!

చెప్పులతో కూతురు, బూట్లతో తండ్రి, పెట్టెతో తల్లి బస్సెక్కారు. కాళ్ళు వాచిపోయి దర్జీ మూలుగుతుంటే, పక్కసీటు తాత ఆ బూట్లు చూసి, "సరిహద్దు నుంచా నాయనా?" అన్నాడు. దర్జీ ఇంకోసారి మూలిగాడు. "పాపం, కాలికి దెబ్బ తగిలిందట" అన్నాడు తాత వెనక్కి తిరిగి. ఆ మాట చివరి సీటుకి చేరేసరికి తూటాలు రెండు కాళ్ళలోనూ దిగాయి. అకాడమీ దగ్గర బస్సు ఆగీ ఆగగానే జనం ఆయన్ని భుజాలకెత్తుకుని జేజేలు కొడుతూ గేటుకి పరుగెత్తారు. వెనకాల పెట్టె మోసుకుంటూ తల్లీకూతుళ్ళు.

గేటులో సిపాయి నిటారుగా నిలబడి వందనం చేశాడు. స్ట్రెచరొచ్చింది. దాని వెంట అధికారీ వచ్చాడు.

"ఏ దళం?"

"కుట్టుపనండీ" అన్నాడు దర్జీ, ఏడుస్తూ. "మా అమ్మాయిని చేర్పించడానికొచ్చాం. దాని బూట్లు నా కాళ్ళకి పట్టేశాయి. కావాలంటే నా కాళ్ళు కోసైనా బూట్లు తీసుకోండి సార్, దాని సీటు మాత్రం తియ్యకండి."

భార్య చటుక్కున చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పొద్దున ఇదంతా నాటకమన్నది తనే.

అధికారి బూట్లు చూశాడు, పిల్ల చెప్పులు చూశాడు. "బూట్లు మేమే ఇస్తామండీ. ఇంటి బూట్లు లోపలికి రానివ్వం. అమ్మాయ్, ఇంకా ఇక్కడే నిలబడ్డావేం? గేటు మూసే వేళైంది, పద!"

పిల్ల పెట్టె అందుకుని పరుగెత్తింది. లోపలికెళ్ళాక వెనక్కి తిరిగి చూసింది గానీ, నవ్వాపుకోలేక చెయ్యి కూడా సరిగ్గా ఊపలేకపోయింది.

ఆ ఏడాది అకాడమీ ఆసుపత్రిలో కాళ్ళు బొబ్బలెక్కి మొట్టమొదట మంచం పట్టింది, అకాడమీలో చేరని దర్జీయే.