ఆయమ్మ లేపలేదు

"ఈ మూడు ముక్కలకి నీకు సున్నా వేసి సాయంత్రం దాకా కూర్చోబెడతారే. వచ్చే దారిలో కుక్కలు పీకుతాయి," అంది అమ్మ, కాగితం ఇంకా పూర్తిగా చదవకముందే.

మూడో తరగతి పిల్ల పళ్ళు తోముకుంటూ వింది. 'బడిలో నాకు జరిగిన సంగతి' అని రాసుకు రమ్మన్నారు. పిల్ల రాసింది ఇంతే: "నిన్న ఆటలో పడ్డాను. ఆయమ్మ లేపింది. మళ్ళీ ఆడుకున్నాను."

టీచరమ్మ ఇంటికి పంపిన మార్కుల పట్టికలో అయిదు గడులున్నాయి. మొదలు, నడుమ, ముగింపు, వివరాలు, భావాలు. గడికి నాలుగు మార్కులు. మొత్తం పన్నెండు దాటని పిల్లలకు బడి వదిలాక మరో గంట పాఠం. ఆ గంటలో చీకటి పడుతుందనీ, చీకట్లో కుక్కలు తిరుగుతాయనీ, ఊళ్ళో ఇంతమంది పిల్లలుండగా వాటికి తన పిల్లే దొరుకుతుందనీ అమ్మ ఖాయం చేసుకుంది.

"ఇందులో భావాలేవే?"

"మోకాలికి మట్టయింది. ఆయమ్మ కడిగింది."

"మట్టికెవరు వేస్తారు మార్కులు? రక్తం కారిందని రాయి. కళ్ళనీళ్ళు ఆగలేదని రాయి."

"ఆయమ్మ లేపింది కదా మరి?"

"లేపేస్తే ఇంక ఏడుపెక్కడిది? చూసీ చూడనట్టు వెళ్ళిపోయిందని రాయి. కథన్నాక ఒకళ్ళు చెడ్డవాళ్ళుండాలి."

పిల్ల గుండ్రటి అక్షరాలతో రాసింది. చెబుతూ చెబుతూ అమ్మే రెండుసార్లు ముక్కు చీదింది.

టీచరమ్మ యాభై కాగితాలు ఒక్క పీరియడ్‌లో దిద్దే మనిషి. చదవడమనే పాపం ఎరగదు. కళ్ళనీళ్ళ కింద ఒక ఎర్ర గీత, రక్తం కింద ఒకటి గీసి, ఇరవైకి ఇరవై వేసి, కాగితాన్ని గేటు పక్క బోర్డుకు గుచ్చింది. మార్కుల చీటీ సరిగ్గా పిల్ల పేరును కప్పేసేలా అంటించింది.

తన కొడుక్కి అన్నం క్యారియరు తెచ్చిన ఒకాయన అది చదివాడు. ఆయన పక్కావిడకు చెప్పేసరికి రక్తం ధార కట్టింది. ఆవిడ ఇంకొకావిడకు ఫోను చేసేసరికి ఎముక విరిగింది. మధ్యాహ్నానికి ఎవరి పిల్లో ఆసుపత్రిలో ఉందన్నారు. హెడ్మాస్టరు ఆ పిల్ల ఎవరో కనుక్కోకుండానే ఆయమ్మను పిలిచి, రేపట్నుంచి రావద్దన్నాడు. ఆయన విచారణలు అంత తొందరగానే తేలుతాయి.

అమ్మకూ ఫోను వచ్చింది. గిన్నెలు తోముతున్నది తోముతున్నట్టే వదిలేసి, చేతుల నురగతో పరిగెత్తింది. తన పిల్ల గేటు దగ్గర గెంతుతూ కనబడినా శాంతించలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని, అప్పటికే చేరిన తల్లిదండ్రుల గుంపును తోసుకుని, అందరికంటే ముందు హెడ్మాస్టరు గదిలో దూరింది.

"పసిదానికి రక్తం కారుతుంటే చూసీ చూడనట్టు వెళ్ళిపోతుందా? మనిషేనా ఆవిడ?"

సంచి సర్దుకుని తలుపు దగ్గర నిలబడ్డ ఆయమ్మ, "నేనే లేపానమ్మా," అంది. "ఎనిమిదేళ్ళుగా పడ్డ ప్రతి పిల్లనీ లేపుతూనే ఉన్నాను. ఈ పని పోతే నా ఇల్లు గడవదు."

"ఇలాంటివాళ్ళను ఒక్కరోజు ఉంచకూడదు సార్. ఇవాళ ఎవరి పిల్లో, రేపు నా పిల్ల."

హెడ్మాస్టరు టీచరమ్మ చేత బోర్డు మీది కాగితం తెప్పించి, చీటీ పీకాడు. "మీ పిల్లేనమ్మా. స్వయంగా రాసింది. ఇంతకంటే సాక్ష్యమేం కావాలి?"

అమ్మ కాగితం చూసింది. ఆ మాటలు పొద్దుటి నుంచీ తన నోట్లో ఎందుకు నానుతున్నాయో అప్పుడు తెలిసింది.

"చెప్పు పాపా, ఆయమ్మ లేపలేదు కదూ?" అన్నాడు హెడ్మాస్టరు.

పిల్ల అమ్మ మొహం చూసింది. లేపిందంటే సున్నా, అదనపు గంట, కుక్కలు. లేపలేదంటే ఆయమ్మ ఆ సంచితో వెళ్ళిపోతుంది. ఆయమ్మ సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. అమ్మ చేతుల మీది నురగ పూర్తిగా ఆరిపోయింది.

"లేపింది సార్," అంది చివరికి అమ్మ. "లేపలేదని నేనే రాయించాను."

ఆయమ్మ సంచి కింద పెట్టింది. టీచరమ్మ ఎర్ర పెన్ను తీసి పట్టికలోని అయిదు గడులూ వెతికింది. అబద్ధానికి మార్కులు తగ్గించే గడి ఎక్కడా లేదు కనుక, ఇరవైకి ఇరవై అలాగే ఉండిపోయాయి.