నాలుగేళ్ల సువర్ణ హాజరు కావలెను

తండ్రినీ బిడ్డనూ విడదీయడం ఎవరికైనా చేతనవును గానీ, ఆ పనిని ఇంత పద్ధతిగా, ఇంత మర్యాదగా చేయడం ఒక్క దొరతనం వారికే చెల్లింది. కావాలంటే పెదపాడు సువర్ణను అడగండి.

ఉప్పు సత్యాగ్రహం నాటికి, అంటే 1930లో, ఆమెకు నాలుగేళ్లు. తండ్రి జ్ఞానయ్య మిషన్ బడి మాస్టారు. ఊరేగింపుగా పోతున్న వలంటీర్లకు ఎండలో రెండు కుండల మజ్జిగ పోశారు. అందులో ఉప్పు వేశారు. (చప్పటి మజ్జిగైతే మందలింపుతో పోయేదట.) ఏడాదిపాటు జిల్లాలో అడుగు పెట్టరాదని చెప్పి, పోలీసులు ఆయన్ని కొల్లేరు అవతల, కృష్ణా జిల్లా ముదినేపల్లిలో దింపి వచ్చారు.

ఆ వారంలోనే తల్లి సలోమి ఏలూరు వెళ్లి, తండ్రికి పిల్లను ఒక్కసారి చూపించనివ్వమని బహిష్కారాల సెక్షన్‌లో అర్జీ పెట్టుకుంది. అర్జీ బల్లల మీద ప్రయాణం మొదలుపెట్టింది. ఏడాదేగా, ఇట్టే గడిచిపోతుందనుకుంది సలోమి. పదకొండో నిబంధన సంగతి పాపం ఆవిడకేం తెలుసు? గడువులోపల ఇంట్లోవాళ్లకూ ఆయనకూ ఏ విధమైన సంపర్కం కలిగినా, ఆ రోజు నుంచి ఏడాది మళ్లీ మొదలవుతుంది.

పదకొండో నెలలో సువర్ణ కొల్లేటి గట్టున నిలబడి, దూరాన కనబడ్డ పడవకు "నాన్నోయ్!" అని చెయ్యి ఊపింది. పడవలో ఉన్నవి చేపలు. అయినా ఊపినవారి ఉద్దేశం స్పష్టంగా ఉన్నందున ఏడాది మళ్లీ మొదలైంది. రెండోసారి, పాపకు దెబ్బ తగిలి పన్ను ఊడిందని సలోమి రాసిన కార్డు దొరికింది. మూడోసారి, గుళ్లో సువర్ణ "ప్రభువా, మా నాన్నని చల్లగా చూడు" అని పైకి అనేసింది. (ప్రభువు రెండు జిల్లాల్లోనూ ఉంటాడు గనుక ఇది మధ్యవర్తి ద్వారా సంపర్కమని తేల్చారు.) నాలుగో, ఐదో సార్లకు కారణం చెప్పలేదు. అడగడం కూడా సంపర్కమేనన్నారు.

అప్పటి నుంచి సువర్ణ నోరు మూసుకుని ప్రార్థించడం నేర్చుకుంది. కొల్లేటి వైపు చూడడం కూడా మానేసింది. నాన్న మొహం మరిచిపోతానేమోనని ఎంత బెంగపడేదో ఆ పిల్లకే తెలుసు.

1936లో అర్జీ మంజూరైంది. ఏలూరు ఆఫీసులో, అరగంట.

సువర్ణ తల్లి చెయ్యి పట్టుకుని వెళ్లింది. గుమ్మంలో, కానిస్టేబుల్ పక్కన, తల నెరిసిన మనిషి నిలబడి ఉన్నాడు. గుమాస్తా అమరేశ్వరరావు గారు సౌమ్యులు. ముందు అందర్నీ కూర్చోమని, కళ్లజోడు పెట్టుకుని కాగితం చదివారు.

"పేరు సువర్ణ. వయసు నాలుగు. ఎత్తు రెండు మూరలు. ఏదమ్మా పిల్ల?"

"నేనేనండీ," అంది సువర్ణ.

"నువ్వు మూడు మూరలున్నావు కదమ్మా! మంజూరైంది నాలుగేళ్ల పిల్లకి. పదేళ్ల పిల్లకి వేరే అర్జీ పెట్టుకోవాలి."

"అదొచ్చేసరికి నాకు పదహారొస్తాయి కదండీ!"

"అందుకే తొందరగా పెట్టుకోమంటున్నాను తల్లీ," అన్నారాయన ఎంతో ఆపేక్షగా.

సువర్ణకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్నాళ్లూ నోరు మూసుకున్నది ఇందుకా! అమరేశ్వరరావు గారి మనసు కరిగింది. నిబంధనలు అనుమతించినంత మేరకు కరిగి, జ్ఞానయ్య వైపు తిరిగారు.

"పోనీ మీరైనా చెప్పండి మాస్టారూ. మీరు వదిలివెళ్లిన పిల్ల ఈ అమ్మాయేనాండీ?"

జ్ఞానయ్య సువర్ణను చాలాసేపు చూశారు. ఆయన కళ్లు నిండాయి.

"ఈ పిల్ల నా బిడ్డేనండీ," అన్నారు. "ఆ నాలుగేళ్ల పిల్ల మాత్రం ఆరేళ్లుగా మీ దగ్గరే ఉండిపోయిందండీ. దయచేసి ఇప్పించండి."

అమరేశ్వరరావు గారు తలూపి, ఫైలు మీద ఇలా రాసుకున్నారు: "తండ్రి కోరుచున్నది వేరొక పిల్లను."