విల్మట్ దొర చూపిన దారి

విల్మట్ దొర జయంతి బందరులో దిగ్విజయంగా జరిగిన సంగతి మీరు చదివే ఉంటారు. చదవకపోతే మీ తప్పేం లేదు, అది తెలుగు పేపర్లో పడింది.

దాని వెనక ఉన్న మనిషి తెలుగు పండితుడు దేవసహాయం గారు. ఆయన బడిలో తెలుగు మీడియానికి ఆరుగురే పిల్లలు మిగిలారు. నెలాఖరులోగా పదిమంది కాకపోతే సెక్షన్ ఎత్తేసి, ఆయన్ను కృత్తివెన్ను బడికి డ్రిల్లు మాస్టారుగా పంపుతామని మేనేజ్‌మెంటు కాగితం ఇచ్చింది. ఆయనకు యాభై ఏడేళ్ళు, రెండు మోకాళ్ళకీ పట్టీలు. డ్రిల్లుకు ఇంతకు మించిన అర్హత అక్కర్లేదని మేనేజ్‌మెంటు భావించింది.

నలుగురు పిల్లలు కావాలి. ఇరవై రోజులే గడువు. అప్పుడు గుర్తొచ్చాడు దొర. కంపెనీ రోజుల్లో బందరులో అసిస్టెంటు కలెక్టరు. దివిసీమ పల్లెలన్నీ తిరిగి నాట్ల పాటలూ సామెతలూ రాసుకున్న మనిషి. పరాయివాడే తెలుగును ఇంత ప్రేమించాడని తెలిస్తే మనవాళ్ళు సిగ్గుపడి పిల్లల్ని చేర్పించరా అని పండితుడి ఆశ.

జయంతి అన్నాక కమిటీ ఉండాలి. అధ్యక్షుడిగా ఒప్పుకున్న రైసుమిల్లు ధర్మారావు గారు గుడివాడ నుంచి కారులో వచ్చి, కూర్చుంటూనే అసలు విషయానికొచ్చారు.

"దొరగారు ఏమిట్లండీ?"

"ఇంగ్లీషువాళ్ళండీ."

"అది దేశం మాస్టారూ. నేనడిగింది కులం."

ప్రశ్న న్యాయమైనదే. అది తేలకపోతే మొదటి దండ ఎవరు వేయాలో తేలదు. మూడు సంఘాలు దొర తమవాడేనని ఆధారాలతో సహా వచ్చాయి. గొడవెందుకని చివరికి దొరను అందరివాడుగా ప్రకటించారు. దాంతో కుర్చీలు వేయడానికి ఎవరూ రాలేదు. దేవసహాయం గారు పట్టీల మోకాళ్ళతో రెండు వందల కుర్చీలు ఒక్కరే వేసుకున్నారు.

దొర బొమ్మ ఎక్కడా దొరకలేదు. ఫ్లెక్సీ షాపు అనిల్ కుమార్ చెవి మిషన్ల ప్రకటనలోంచి ఒక తెల్లాయన్ని తీసి, మీసాలు పెట్టి అచ్చేశాడు. చెవి దగ్గర చెయ్యి అలాగే ఉండిపోయింది. దొర తెలుగు వింటున్నట్టే ఉన్నాడని అందరూ మెచ్చుకున్నారు. ఆయనకు పాలాభిషేకం చేశారు. రెండు శాలువాలు కప్పారు.

ధర్మారావు గారు మైకు పుచ్చుకుని, మదర్ టంగ్‌ని సేవ్ చెయ్యడం మనందరి డ్యూటీ అని ఎమోషనల్‌గా చెప్పి, అర్జెంటు పనుందని వెళ్ళిపోయారు. దేవసహాయం గారు మాత్రం ప్రాణం పెట్టి మాట్లాడారు.

"ఇరవయ్యేళ్ళదాకా ఆయనకు 'అ' అంటే తెలీదు. చదువంతా ఇంగ్లీషులోనే. ఉద్యోగమొచ్చి ఓడ దిగాక మొదలుపెట్టి, మూడేళ్ళలో మనకన్నా బాగా మాట్లాడాడు. అమ్మల్లారా, అయ్యల్లారా, ఆలోచించండి."

వాళ్ళు ఆలోచించారు.

సోమవారం ఉదయం బడి గేటు దగ్గర తల్లిదండ్రుల వరుస కనబడింది. పండితుడు దూరం నుంచే లెక్కపెట్టారు. ఆరుగురు. నలుగురు చాలనుకుంటే ఇద్దరు ఎక్కువే. మోకాళ్ళ నొప్పి మరిచి పరుగులాంటి నడకతో దగ్గరికెళ్ళాక మొహాలు గుర్తుపట్టారు. వాళ్ళు ఉన్న ఆరుగురి తల్లిదండ్రులే.

ముందు నిలబడ్డ రావమ్మ రెండు చేతులూ జోడించింది.

"టీసీలు ఇప్పించండి మాస్టారూ. ఇంగ్లీషు బడికి పంపడానికి ఇన్నాళ్ళూ భయపడ్డాం. మీ మాటలు విన్నాక ధైర్యమొచ్చింది. దొరగారు ముందు ఇంగ్లీషులో చదివేసి, ఉద్యోగం తెచ్చుకుని, ఆ తర్వాతే కదండీ తెలుగు నేర్చుకుంది? మావాణ్ణీ అట్లాగే చేద్దామని."

"అందాకా తెలుగు రాకుండా ఎలాగమ్మా?"

"మీ నవ్యశ్రీ గారికి ఎలాగో, మావాడికీ అలాగేనండీ."

ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. నవ్యశ్రీ ఆయన కూతురు. ఎల్కేజీ నుంచి కాన్వెంటు చదువు, ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. తండ్రి పంపే మెసేజీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటేనే చదవగలదు.

దేవసహాయం గారు కలం తీసుకున్నారు. ఆరు టీసీలూ స్వయంగా నింపారు. ఫారం ఇంగ్లీషులో ఉంది. ఒక్క తప్పు కూడా దొర్లలేదు.